పొట్టి మూర

మీనాంబాళ్ మూర పొట్టిదని కోసపాళయంలో తెలియని ఆడమనిషి లేదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఉండాల్సిన పూలమూర ఆమె చేతిలో నాలుగు వేళ్ళు తక్కువగానే తెగుతుంది. ఎవరైనా అడిగారా, ఇంతెత్తున లేస్తుంది. "నా చెయ్యి అంతే ఉండాది. ఇచ్చిన దేవుణ్ణి పోయి అడుగు!" ఇరవై రెండేళ్ళుగా బడి గేటు పక్కన గంప పెట్టుకుని ఇదే మాట చెబుతోంది. ఆమె కట్టిన దండ సాయంత్రం దాకా విడదు గనక జనం గొణుక్కుంటూనే కొంటారు.

నోరు పెద్దదే గానీ ఒకరి జోలికి పోయే మనిషి కాదు. అలాంటిది బాలకృష్ణన్ కొట్టు మీద ఫిర్యాదు ఇచ్చింది. బడి వెనక సందు చివర ఆయనది పెద్ద కొట్టు; ఆసామి గనక సందంతా 'మొదలాళీ' అనే పిలుస్తుంది. ముందు వరసలో బిస్కెట్లు, నోటు పుస్తకాలు. గల్లాపెట్టె కింద విడి సిగరెట్లు, పొగాకు పొట్లాలు. బడి పిల్లలు ఏది అడిగినా చేతిలో పెట్టి పంపిస్తాడు.

మీనాంబాళ్ మొగుడు చంద్రన్ మిల్లులో రాత్రిపని చేసేవాడు. నిద్ర ఆపుకోడానికని బుగ్గన పొగాకు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ బుగ్గే పుండై, దవడను తినేసింది. చివరి ఆరు నెలలు నోరు తెరవలేక, పెదవుల సందున చెంచాతో పోసిన గంజితో బతికి, పోయాడు. మొన్నామధ్య ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు యూనిఫారంలోనే ఆ కొట్టు నుంచి వచ్చి, గేటు పక్కన ఉమ్మేసి లోపలికి పోయారు. ఇద్దరికీ బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఆ ఉబ్బు ఆమెకు తెలుసు. ఆ పొద్దే బడిలో ఇలక్కియ టీచరు చేత, బడి దగ్గర పొగాకు అమ్మకూడదన్న చట్టం కింద అర్జీ రాయించి, కింద తన పేరే పెట్టించింది.

గురువారం పదిగంటలకు ఆరోగ్యశాఖ ఇన్స్‌పెక్టరు వెట్రివేల్ టేపుతో, ఒక జవానుతో వచ్చాడు. బడి గేటు దగ్గర మొదలుపెట్టి, రోడ్డు వెంబడి పోయి, మలుపు తిరిగి, కొట్టు గుమ్మం దాకా కొలిపించాడు. నూట ఎనిమిది గజాలు.

"ఎనిమిది గజాలు బయట ఉండాది," అన్నాడు వెట్రివేల్. "పిల్లలకు అమ్మడం మేం కళ్ళతో చూళ్ళేదు. బడికి వంద గజాల లోపలుంటేనే మేం పట్టుకునేది. సరిగా తెలీకుండా ఎందుకక్కా ఫిర్యాదులు?"

బాలకృష్ణన్ గుమ్మంలో నిలబడి చల్లగా నవ్వాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. అప్పుడా ముఖాన నవ్వు లేదు.

"మీనా, మనం మనం ఒక భాష వాళ్ళమని ఇన్నేళ్ళు చూసీ చూడనట్టు ఉండా. రేపటి నుంచి ఆ గేటు కాడ నీ గంప కనపడకూడదు. మున్సిపాలిటీలో ఒక్క మాట చెప్పినానంటే లారీ వచ్చి ఎత్తుకుపోతాది."

ఆయన ఒక్క మాట చాలునని అందరికీ తెలుసు. గేటు దగ్గర ఆ మూడడుగుల చోటే ఆమె బతుకు. సందులో ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి చూస్తున్నారు. మీనాంబాళ్ తనకు తోడు వచ్చిన ఇలక్కియ టీచరు వైపు తిరిగింది.

"టీచరమ్మా, గేటు నుంచి కొలవాలని యాడ రాసుండాది?"

టీచరు ఫోను తీసి వెతికింది. చదివి, మళ్ళీ ఒకసారి చదివి, గొంతు పెంచి చెప్పింది. "గేటని లేదు. ప్రహరీగోడ బయటి అంచు నుంచి, ఏ పక్కకైనా నేరుగా వంద గజాలు."

వెనక ప్రహరీ ఈ సందు మొదట్లోనే ఉంది. అక్కడి నుంచి కొట్టు దాకా సందు తిన్నగా పోతుంది. వెట్రివేల్ ఒకసారి గోడను, ఒకసారి కొట్టును చూసి గడియారం చూసుకున్నాడు.

"టేపు చుట్టేసినాం. మేట్టుపాళయంలో ఇంకో పని ఉండాది. వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారానికి నా గంప యాడుంటాదో!" అంది మీనాంబాళ్. "నీ టేపు చుట్టుకో నాయనా. నా దగ్గర దారం ఉండాది."

బొడ్లోంచి పూలు కట్టే దారపు ఉండ తీసింది. సందు మొదటికి పోయి, కొసను ప్రహరీగోడకున్న మేకుకు ముడేసి, సందు వెంట దారం వదులుతూ, మోచేతికి ఆనించి కొలుచుకుంటూ నడిచింది. గజానికి రెండు మూరలు. వంద గజాలకు రెండు వందలు. ఒకటి, రెండు, మూడు అని గట్టిగానే లెక్కపెట్టింది. యాభై దాటేసరికి వాకిట్లో తాయారమ్మ గొంతు కలిపింది. నూరు దాటేసరికి సందంతా లెక్కపెడుతోంది. కొట్టు మెట్టుకు చెయ్యి తగిలేసరికి నూట డెబ్బై ఆరు.

"ఇంకా ఇరవై నాలుగు మూరలు మిగిలుండాయి సారూ," అంది రొప్పుతూ.

బాలకృష్ణన్ పగలబడి నవ్వాడు. "మూరంట, మూర! సారూ, ఈమె మూర సంగతి మీకు తెలీదు. తాయారమ్మా, నువ్వు చెప్పు. ఈమె ఏనాడన్నా నిండు మూర ఇచ్చిందా? కొలతలో మోసం చేసే మనిషి కొలిచింది కొలతా?"

తాయారమ్మ తల వంచుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెట్రివేల్ కూడా ముసిముసిగా నవ్వుతున్నాడు. మీనాంబాళ్ ముఖం ఎర్రబడింది. ఆమె కొనుగోలుదార్లంతా అక్కడే ఉన్నారు. ఇరవై రెండేళ్ళుగా దేవుడి మీదకు నెట్టేసిన మాట ఇప్పుడు నడివీధిలో నిలబడింది. ఎప్పటిలా ఎగిరిపడి కాదనబోయి, చేతిలో దారాన్ని చూసి టక్కున ఆగింది.

"అవును," అంది. "నా మూర పొట్టే."

నోళ్ళకు అడ్డం పెట్టిన కొంగులు కిందికి జారాయి.

"నాలుగు వేళ్ళు తక్కువే ఇస్తా ఉండా. మీ అందరికీ ఇచ్చింది అట్టే. ఈ పొద్దు కొలిచిందీ ఆ పొట్టి మూరతోనే. చెయ్యికి అదే అలవాటు." బాలకృష్ణన్ ముఖంలోకి చూసింది. "పొట్టి మూరతో కొలిస్తేనే నూట డెబ్బై ఆరు మొదలాళీ. నిండు మూరతో కొలిస్తే పెరుగుతాదా, తగ్గుతాదా? జీవితమంతా తూకమే గదా నీకు. నువ్వే చెప్పు."

బాలకృష్ణన్ గోడ వైపు, దారం వైపు చూశాడు. లెక్క అప్పటికి గాని ఆయనకు ఎక్కలేదు. మూర ఎంత పొట్టిదైతే కొట్టు గోడకు అంత దగ్గర. నలుగురిలో గొంతు చించుకుని ఆయనే తన కొట్టును బడి దగ్గరికి లాక్కొచ్చాడు. ముందుగా తాయారమ్మ పక్కున నవ్వింది. ఆ తర్వాత వాకిళ్ళన్నీ నవ్వాయి.

వెట్రివేల్ నవ్వు మాత్రం ఆగిపోయింది. ఇంతమంది ముందు వచ్చే వారం అనడానికి ఇక వీల్లేదు. టేపు విప్పించి, గోడ నుంచి కొలిపించాడు. డెబ్బై మూడు గజాలు. గల్లాపెట్టె కింది పొట్లాలు, సిగరెట్లు గోనెసంచిలోకి పోయాయి. జరిమానా చిన్నదే. బాలకృష్ణన్ దాన్ని ఈగను తోలినట్టు కట్టేశాడు. కానీ మధ్యాహ్నానికి వెట్రివేల్ పంపిన మనుషులు వచ్చి, ఆయన కొట్టు దాటి ఇరవై ఏడు గజాల అవతల రోడ్డుకు అడ్డంగా, వంద గజాల హద్దుగా పసుపు గీత గీసిపోయారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర గంప లేదు. బాలకృష్ణన్ షట్టరు ఎత్తేసరికి అది ఎదురుగా, ఆయన మెట్టు ముందు రోడ్డు అవతల ఉంది. వెనక మీనాంబాళ్ కాళ్ళు చాపుకుని మల్లెలు కడుతోంది.

"గేటు కాడ కనపడొద్దన్నావు గదా మొదలాళీ," అంది తల ఎత్తకుండానే. "ఈడ కూచుంటే నీ గల్లాపెట్టె కింది దాకా కనపడతా ఉండాది. లారీని పిలువు. ఇంకో అర్జీ కూడా రాయించే పెట్టుకునుండా."

తాయారమ్మ మొదటి బేరానికి వచ్చింది. "రెండు మూరలు. నాలుగు వేళ్ళు మింగొద్దు."

మీనాంబాళ్ దండ పట్టుకుని చెయ్యి చాపింది. అలవాటు చొప్పున వేళ్ళు మడతపడబోయాయి. వాటిని బలంగా తెరిచి, నడివేలి కొస దాకా లాగి తుంచింది. రెండో మూరా అంతే. ఆ నిండు మూరలను ఎదురుగా ఉన్న కొట్టుకు కనబడేలా పైకెత్తి పట్టుకుంది.

"నా తప్పు నేను మానుకున్నా మొదలాళీ," అని కేకేసింది. "ఇంక నీ వంతు."