లాంచీకి ఒకరోజు ముందు

అనంతపురంలో ఆ హాలు తాళం తీసిన ఆమె ముందు నా సంచిని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"రేపు గదా మీరంతా రావాల్సింది?"

నేను చేతిలోని కాగితం ముందుకు చాపాను.

"నాకు చదువు రాదు పాపా. నువ్వే చెప్పు."

"రేపు సాయంత్రం ఆరుకు బస్సు. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి నాగార్జునసాగర్‌లో లాంచీ."

"మరి ఈపొద్దే యాల వచ్చినావు?"

"మా నాయన పంపినాడు."

ఆమె నవ్వింది. ఆమె పేరు వెంకటలక్ష్మమ్మ. మమ్మల్ని పిలిచిన సంస్థ వాళ్ళ హాలుకు కాపలా ఉంటుంది. ఒక చాప తెచ్చి మూలన పరిచి, "లాంచీ ఎక్కేదానికి మొదట వచ్చినదానివి నువ్వే. ముందు సీటు నీదే పో" అని వెళ్ళిపోయింది.

మా నాయనది భయం. నాగార్జునసాగర్ చూపించడానికి మండలానికి ఒక పిల్లని ఎంపిక చేశారు. నీళ్ళ గురించి వ్యాసం రాసిన వాళ్ళలో కంబదూరు మండలం నుంచి నేను. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నాయన నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. చివరి వాక్యం దగ్గర మూడుసార్లూ ఆపించాడు. 'ఆలస్యంగా వచ్చిన వారి కొరకు లాంచీ ఆగదు' అని ఉంది. "ఆగదంట" అన్నాడు అమ్మతో. మా అడ్డరోడ్డుకు వచ్చే బస్సు రోజుకొక్కటి. అది వారంలో ఒకసారి టైరు పోయో, ఇంజను కాలో కళ్యాణదుర్గం దగ్గరే నిలబడిపోతుంది. అందుకని శనివారం పోవాల్సిన నన్ను శుక్రవారమే ఎక్కించాడు.

విత్తనాల కాలంలో పోవడమేమిటని నేను అడిగాను. అమ్మ కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది. గొర్రు వెనక నడుస్తూ గింజ వదలడానికి ఇంట్లో ఇక నా చేయి తప్ప ఇంకో చేయి లేదు. "వాన యాడుండాది పాపా" అన్నాడు నాయన. "ఆరుద్ర కార్తె సగం పోయింది. మబ్బు కూడా కనపడల్యా. నువ్వు పోయి నీళ్ళన్నా చూసి రా."

హాలు చాలా పెద్దది. గోడ పక్కన చుట్టిపెట్టిన చాపలు యాభై దాకా ఉన్నాయి. గోడ మీద కాగితం అతికించి అందరి పేర్లూ రాశారు. నా పేరు పదిహేడోది, సరళ, కంబదూరు. మిగిలిన పేర్లు కూడా చదివాను. గంగాదేవి, శింగనమల. నాజ్‌నీన్, మడకశిర. ఈ పిల్లల్లో నా పక్కన ఎవరు కూర్చుంటారో అనుకున్నాను. నాకు నేనై ఎవరినీ పలకరించలేను. బడిలో కూడా అంతే. ఎవరైనా పేరు అడిగితే చెప్తాను, తర్వాత వాళ్ళ పేరు అడగాలని గుర్తొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

మధ్యాహ్నం అమ్మ కట్టిచ్చిన రొట్టె తిన్నాను. నీళ్ళు ఎక్కడుంటాయో అడగడానికి మొహమాటపడి, సీసాలో మిగిలినవే కొంచెం కొంచెంగా తాగాను. బయట రోడ్డు మీద స్కూటర్లు, బండ్ల వాళ్ళ కేకలు. ఇంతమంది జనం ఇంత దగ్గరగా పోతున్నా, నేను ఇక్కడున్నానని ఒక్కరికీ తెలియదు. మా ఊళ్ళో ఒంటరిగా గొర్రెల వెనక పోయినప్పుడు కూడా నాకు అట్లా అనిపించలేదు.

పొద్దు వాలేటప్పుడు గాలి మారింది. మట్టి వాసన వచ్చింది. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. కళ్యాణదుర్గం వైపు ఆకాశం నల్లగా ఉంది. మెరుపు అక్కడే పడుతూ అక్కడే ఆరుతూ ఉంది. కాసేపటికి అనంతపురంలో కూడా పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. వెంకటలక్ష్మమ్మ అరుగు మీదికొచ్చి చేయి చాపి చూసుకుంది.

"పడమర దిక్కు బాగా పడ్తాండాది. మీ ఊరు ఆ పక్కే గదా?"

"అవునక్కా."

"ఇంకేం. మీ నాయన పంట పండింది పో."

ఆమె లోపలికి పోయాక కూడా నేను కిటికీ దగ్గరే ఉన్నాను. సంతోషపడాల్సింది. కానీ నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. శుక్రవారం సాయంత్రం వాన. శనివారానికి నేల పదునుకొస్తుంది. శని, ఆది రెండు రోజులే పని. సోమవారం మా ఊళ్ళో ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, ఎంత అవసరమున్నా సరే. మంగళవారానికి మా ఎర్రనేల పైన ఆరిపోతుంది. ఇంట్లో వేరుశనగ విత్తనం వొలిచి పెట్టేశాం, అది నిలవ ఉండదు. కూలి వాళ్ళని పిలుద్దామంటే అందరికీ ఒకటే రోజు, ఒకటే పదును. గొర్రు నాయన పట్టుకుంటాడు. గింజ ఎవరు వదులుతారు?

ఉదయం లేవగానే వెంకటలక్ష్మమ్మ దగ్గరికి పోయి ఫోను చేయాలని చెప్పాను. అంత మాట అడగడానికి పది నిమిషాలు పట్టింది. బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ ఉందని ఆమె చూపించింది. మా ఊళ్ళో ఫోను ఒక్కటే, పోస్టాఫీసు బయ్యన్న ఇంట్లో. నెంబరు కాగితం వెనక నాయన రాయించి ఇచ్చాడు.

బూత్‌లో ఆయన మూడుసార్లు కలిపి చూశాడు.

"లైను చచ్చింది పాపా. ఆ పక్క వానేమో."

బయ్యన్న ఫోను సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాలుగు చినుకులు పడితే అది మూగపోతుంది. ఫోను పలకలేదంటే వాన పడినట్టే.

అయినా పదకొండు దాకా బస్టాండులోనే కూర్చున్నాను. మా బస్సు వచ్చింది. కండక్టరు మాబు సాబ్ దిగుతూనే నన్ను గుర్తుపట్టాడు. నిన్న నాయన ఆయన చేతిలో నా చేయి పెట్టి అప్పగించి పంపించాడు.

"ఏమ్మే, నీ పడవ ఇంకా కదల్లేదా?"

"మాబన్నా, మా ఊళ్ళో వాన పడిందా?"

"కంబదూరులో దంచి కొట్టింది. మీ అడ్డరోడ్డు కాడ నీళ్ళు నిలబడిండాయి, టైరు సగం మునిగింది."

"మా నాయన కనపడినాడా?"

"మీ నాయనే కాదు, మీ ఊరోళ్ళు ఈపొద్దు ఒక్కరు గూడా ఎక్కల్యా. ఎవురెక్కుతారు, అందరూ చేన్లలో ఉంటారు. ఏం, యాల అడుగుతాండావు?"

"ఊరికే."

"ఊరికే అడిగేదానికి ఇంత దూరం నడిచొచ్చినావా" అని నవ్వి టీ తాగడానికి పోయాడు. బస్సు పన్నెండుకు తిరిగి పోతుంది.

నేను హాలుకు వచ్చాను. ఇంకా ఎవరూ రాలేదు. వస్తే బాగుండునని, వాళ్ళలో ఒక్కరైనా 'రా, ఇక్కడ కూర్చో' అంటే ఆగిపోదామని కూడా అనుకున్నాను. పేర్ల కాగితం ముందు కాసేపు నిలబడ్డాను. తర్వాత సంచి తీసుకున్నాను.

వెంకటలక్ష్మమ్మ గేటు దగ్గర అడ్డం నిలబడింది.

"యాడికి?"

"ఇంటికక్కా. మా అమ్మకు చేయి బాగలేదు. ఇత్తనం వేయాల."

"మీ నాయన రమ్మని కబురు పంపినాడా?"

"లేదు."

"మరి? నువ్వు లేకుంటే భూమి మొలకెత్తనంటాదా? ఇన్నేండ్లు ఎవురు వేసినారు?"

"మా అమ్మ."

ఆమె గొంతు తగ్గించి, "మళ్ళీ పిలవరు పాపా, తెలుసు గదా" అంది. తెలుసన్నాను. ఆమె పక్కకు జరిగింది.

బస్సులో మాబు సాబ్ నన్ను చూసి టిక్కెట్ల సంచి అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత టిక్కెట్టు చింపి నా చేతిలో పెట్టాడు. కళ్యాణదుర్గం దాటాక రెండు పక్కలా నేల ముదురు ఎరుపులో తడిసి ఉంది. ప్రతి చేనులోనూ ఎద్దులు, వాటి వెనక గొర్రు, గొర్రు వెనక ఒక ఆడమనిషి. నా చేయి ఒళ్ళోనే గింజ వదులుతున్నట్టు కదలడం చూసి నేనే సిగ్గుపడి చేయి దాచుకున్నాను. ఆ మూడు గంటలూ నాకు లాంచీ గుర్తుకు రాలేదంటే నిజంగానే రాలేదు.

అడ్డరోడ్డులో దిగాను. మాబు సాబ్ చెప్పినట్టే అక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. అక్కడి నుంచి మా ఊరు మూడు కిలోమీటర్లు. మొదటి కిలోమీటరు బురద కాళ్ళకు అంటుకుంటూ వచ్చింది. పక్క ఊరి చేన్లలో జనం నిండుగా ఉన్నారు. వాళ్ళలో మా ఊరి ఆడవాళ్ళు కూడా కనిపించారు. ఆంజినమ్మ పెద్దమ్మ, ఇంకా ముగ్గురు. సొంత చేన్లు వదిలి వీళ్ళు ఇక్కడేం చేస్తున్నారా అనుకున్నాను. అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు.

మా ఊరి పొలిమేరలో ఉన్న వాగు, వంక అంటాం, అది దాటిన తర్వాత కాళ్ళకు బురద అంటడం ఆగింది. ఇంకో నాలుగు అడుగులకు కింద దుమ్ము లేచింది. నేను వెనక్కి తిరిగి చూశాను. నేల మీద గీత గీసినట్టుంది. గీతకు అటు తడి, ఇటు పొడి. వాన వంక దాకా వచ్చి ఆగిపోయింది. మా ఊరి మీద ఒక్క చినుకు కూడా పడలేదు. ఫోను తీగ కంబదూరులో తడిసింది. మా ఊరి వాళ్ళు బస్సెక్కకపోయింది పక్క ఊరికి కూలికి పోయి.

నాయన మా చేనులోనే ఉన్నాడు. గొంతుకూర్చుని నేలలోకి వేలు పొడిచి చూస్తున్నాడు, ఎక్కడైనా అడుగున చెమ్మ ఉందేమోనని. అడుగుల చప్పుడుకు తల ఎత్తి, నన్ను చూసి, లేవడం కూడా మర్చిపోయాడు.

"బస్సు పోయిందా? ఒకరోజు ముందే పంపిస్తి గదా పాపా."

"లేదు నాయనా. సాయంత్రం ఆరుకు."

ఆయన సూర్యుడి వైపు చూశాడు. మూడు దాటి చాలాసేపయింది.

"మరి యాల వచ్చినావు?"

వాన పడిందనుకుని వచ్చానని నోటి చివర దాకా వచ్చింది. ఆయన వేలు చూశాను. గోరు నిండా పొడి మట్టి. వాన రాకపోవడం ఒకటి, అది రాని చేను కోసం నేను లాంచీ వదులుకోవడం ఒకటి. రెండూ ఒకేసారి ఆయన మీద పెట్టలేకపోయాను.

"భయమేసింది" అన్నాను.

"ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు. అంత పెద్ద హాలులో ఒక్కదాన్నే ఉంటే భయమేసింది."

ఆయన వేలి మట్టి పంచెకు తుడుచుకున్నాడు.

"తప్పు నాదే. నలుగురితో పాటు ఈపొద్దు పంపించింటే వాళ్ళతో కలిసి పోయిండేదానివి. ఒకరోజు ముందు పంపినా. చిన్నపిల్లను ఒక్కదాన్నే పంపినా."

ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. కాదు నాయనా అనాల్సింది. అంటే మొదటి అబద్ధం బయటపడుతుంది. నేను సంచి భుజం మార్చుకున్నాను. ఇద్దరం ఇంటికి నడిచాం. దారిలో ఆయన నా సంచి అడిగి తీసుకున్నాడు.

అమ్మ ఎడమ చేత్తో నాకు అన్నం పెట్టింది. ఊళ్ళో మాత్రం చాలా రోజులు నవ్వుకున్నారు. "నీళ్ళు చూసి కాదంట, హాలు చూసి బెదిరింది" అని ఆంజినమ్మ పెద్దమ్మ బోరింగు దగ్గర అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా వ్యాసం పంపించిన ఎర్రిస్వామి సారు మాత్రం నవ్వలేదు. "ధైర్యం తెచ్చుకోవాలమ్మా" అని ఒక్కమాట అని నల్లబోర్డు వైపు తిరిగారు. అప్పుడు మాత్రం బల్ల కింద చేతులు బిగించి పట్టుకున్నాను.

మా ఊరి మీద వాన పన్నెండు రోజుల తర్వాత పడింది. వొలిచి పెట్టిన విత్తనంలో కొంత పాడైంది, ఏరి మిగిలిందే వేశాం. నాయన ముందు గొర్రు పట్టుకుని, నేను వెనక గింజ వదులుతూ. మూడో సాలు తిరిగేటప్పుడు ఆయన వెనక్కి చూడకుండానే అన్నాడు:

"మళ్ళీ యెప్పుడన్నా పిలిస్తే నేనూ వస్తా. లాంచీ ఎక్కే దాకా పక్కనే ఉంటా. భయం లేదు."

గింజ వదిలేటప్పుడు మాట్లాడితే చేయి తప్పుతుంది. ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పడుతుంది. నేను మాట్లాడలేదు. ఆయన ఎద్దులను అదిలించాడు. సాలు చివర దాకా నా చేయి ఒకే తీరున కదిలింది.