రెండు నుదుళ్ళ మధ్య

నేను ఒక నీలి రంగు జెల్ సంచిని. అరచేయంత ఉంటాను. ఈ మాట మీతో చెబుతూండగానే తాయారు నన్ను పట్టకారుతో పట్టుకుని వేణ్ణీళ్ళ గిన్నెలో ముంచుతోంది. కాసేపాగి పైకి తీసి, పాత నూలు తువ్వాలుతో నా తడి ఒత్తి, వేడి ఎక్కువైందేమోనని ముందు తన చెంపకి ఆనించి చూసుకుంటుంది. తర్వాత ముందుగదిలో కూర్చున్న భర్త ముఖం మీద, ఎడమ వైపున, నన్ను పెడుతుంది. రోజూ పొద్దున్నే జరిగే పనే ఇది. కాపడం అయ్యాక నన్ను ఆరబెట్టి ఫ్రిజ్జులో పై అరలోకి తోసేస్తుంది. అక్కడ ఐసు ట్రే, ఎప్పుడో కొన్న బఠాణీల పొట్లం ఉంటాయి. వాటితో మాట్లాడి లాభం లేదు. చీకట్లో గట్టిపడి, మర్నాటి వేడి కోసం చూస్తూ ఉంటాను.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో రేకుల షెడ్డులో. రెండు ప్లాస్టిక్ పొరల మధ్య నీలి ముద్ద పోసి, అంచులు అతికించి, నా వీపు మీద 'తినరాదు' అని అచ్చు వేశారు. నన్ను చూసి ఎవరికైనా ఆకలి పుడుతుందని భయపడిన ఆ మనిషెవరో గాని, ఆయనంటే నాకు గౌరవం.

నా మొదటి ఉద్యోగం ప్రయాణం. థెర్మోకోల్ పెట్టెలో మా నలుగురి మధ్య చిన్న చిన్న గాజు సీసాలు పెట్టారు. చూస్తే ఖాళీ సీసాల్లాగే ఉన్నాయి. అడుగున తెల్లటి పొర ఒకటి, అంతే. ముఖం మీద ముడతలు పోగొట్టే ఇంజక్షన్ మందట. దానికి వేడి తగిలితే పనికిరాదు. అందుకని దారి పొడవునా మేము మా చలవంతా వాటికి ధారపోశాం. పెట్టె మీద 'జాగ్రత్త' అని రాసింది మా గురించి కాదు. రాజమండ్రిలో ఒక చర్మ సౌందర్య క్లినిక్కుకి చేరేసరికి అవి క్షేమంగా ఉన్నాయి, నేను కరిగిపోయి ఉన్నాను. సీసాల్ని ఫ్రిజ్జులో దాచుకుని మమ్మల్ని మెట్ల కింద బుట్టలో పడేశారు.

ఆ మేడ మీదనే ఫిజియోథెరపీ చేసే మేరీరత్నంగారు ఉన్నారు. ఆవిడకి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. మమ్మల్ని ఏరి, సబ్బుతో కడిగి, తన దగ్గరికొచ్చే వాళ్ళకి పంచిపెట్టేవారు. "కొనక్కర్లేదమ్మా, కింద వాళ్ళు పారేసినవే. చలవకీ వేడికీ రెండింటికీ పనికొస్తాయి" అని నన్ను తాయారు సంచిలో వేశారు. అలా నేను ఈ ఇంటికి వచ్చాను.

తాయారు భర్త పేరు చిట్టబ్బాయి. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేవాడు. కాస్త నవ్వండి, గెడ్డం ఎత్తండి అని ఊరందరికీ చెప్పే మనిషికి ఒకనాడు నిద్ర లేచేసరికి ముఖంలో ఎడమ సగం జారిపోయింది. ఆ కన్ను మూతపడదు, ఆ పెదవి లేవదు, ఆ నుదురు ముడవదు. నరం వాచిందనీ, మెల్లగా సర్దుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. మెల్లగా అన్న మాటే ఆయనకి నచ్చలేదు. రెండుసార్లు మేరీరత్నంగారి దగ్గరికి వెళ్ళాడు. రెండోసారి మెట్ల మీద ఎవరో పిల్ల తన ముఖం చూసి తల్లి వెనక దాక్కుంది. ఆ తర్వాత ఆయన గుమ్మం దాటలేదు. చేయవలసిన కసరత్తు తాయారే వెళ్ళి నేర్చుకుని వచ్చేది. ఆయన మళ్ళీ వీధిలోకి రావాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

అద్దం ముందు కూర్చుని చేయాలని మేరీరత్నంగారు చెప్పారు. చిట్టబ్బాయి అద్దం వద్దన్నాడు.

"నేనుండగా అద్దమెందుకండీ. నన్ను చూసి చెయ్యండి" అని తాయారు ఎదురుగా స్టూలు వేసుకుంది.

ఆమె కళ్ళు మూస్తే ఆయన మూయాలి. ఆమె బుగ్గలు పూరిస్తే ఆయనా పూరించాలి. అన్నిటికన్నా కష్టం నుదురు. వేడి ఆరేదాకా నన్ను ఆ నుదుటి మీదే ఉంచేది, కండ మెత్తబడుతుందని.

"మా అత్తగారు నా చేతి పులుసు మొదటిసారి నోట్లో పెట్టుకున్నప్పుడు ఎలా చూసేరో, అలా చూడండి" అనేది.

"మా అమ్మనెందుకు లాగుతావే మధ్యలో?"

"ఆవిడ నుదురు ముడిచినట్టు జిల్లాలో ఎవరూ ముడవలేదు మరి. ఆ రక్తమే కదా మీది."

ఆయన సగం ముఖంతో నవ్వేవాడు. ఆమె మాత్రం నిజంగానే అత్తగారైపోయి, కనుబొమలు దగ్గరికి లాగి, గట్టిగా, మళ్ళీ మళ్ళీ ముడిచి చూపించేది. పక్షవాతం వచ్చిన గోడకి పాఠం చెప్పినట్టుండేది నాకు. కాని ఒక రోజు నా కింద ఏదో కదిలింది. దుప్పటి కింద పిల్లి ఒత్తిగిలినట్టు, ఒక్కసారి. వాళ్ళిద్దరికంటే ముందు నాకే తెలిసింది. చెప్పడానికి నాకు నోరు లేదు. కొన్నాళ్ళకి తాయారే కనిపెట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని వచ్చింది.

ఇంట్లోకి వచ్చే జీతం ఇప్పుడు ఆమెదే. తాడితోటలో ఒక పెద్ద చీరల కొట్లో పట్టు కౌంటరులో నిలబడుతుంది. ఒక సాయంత్రం మేరీరత్నంగారికి చూపించాలని నన్ను సంచిలో వేసుకుని బయలుదేరింది. నా అంచు ఒకచోట ఊడుతోంది. అదే కౌంటరులో పనిచేసే ఝాన్సీ అనే అమ్మాయి మెట్ల దాకా తోడొచ్చింది.

"అక్కా, మేనేజరు గారు నీ పేరు రాసేసేరు. కొత్త బ్రాంచీ తెరిచేక నువ్వు పైన చీరలకి ఫాల్స్ కుట్టే గదిలోకంట."

"అక్కడ కమీషనుండదు కదే. నా పనికేం వచ్చింది?"

"పని కాదక్కా. నువ్వు నవ్వుతున్నా ఆ నుదుటి మీద గీతలు చూసి, ఈవిడకి కోపమొచ్చిందనుకుంటున్నారంట కొనేవాళ్ళు."

"ఇన్నేళ్ళు ఆ లైట్ల కింద చీరలు మడత పెడితే నుదుటి మీద గీతలు పడవా, కలువపూలు పూస్తాయా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గీతల్లో కొన్ని పొద్దున్నపూట భర్త ఎదుట ముడిచి ముడిచి లోతు చేసుకున్నవని ఝాన్సీకి తెలియదు. తాయారు చెప్పలేదు. మెట్ల పక్కన ఉన్న క్లినిక్కు బోర్డు చూపించి ఝాన్సీ ఆమెని లోపలికి లాక్కెళ్ళింది. నేను ఆ వాసన గుర్తుపట్టాను.

లోపల బల్ల వెనక కూర్చున్న పిల్ల మర్యాదగా మాట్లాడింది.

"యూనిట్ల లెక్క మేడం. కనుబొమల మధ్య కొన్ని, నుదుటికి కొన్ని. అన్నీ కలిపితే ఇదిగో, ఇంతవుతుంది."

ఆ అంకె తాయారు నెల జీతం దాటింది.

"ఎన్నాళ్ళుంటుందమ్మా?"

"మూడు, నాలుగు నెలలు మేడం."

"తర్వాత?"

"మళ్ళీ చేయించుకోవాలి."

"ఆ తర్వాత?"

"మళ్ళీ మేడం."

"పాలవాడి ఖాతాలాగ అన్నమాట." ఆమె ఆ అంకె మళ్ళీ చూసి, "ఏమైనా ఇబ్బందుంటుందా?" అని అడిగింది.

"ఎవరికీ పెద్దగా ఏం ఉండదు. డాక్టరుగారు చూసి చెప్తారు. నుదురు మాత్రం ముడవలేరు. దాని పనే అది కదా మేడం."

సంచిలో ఉన్న తాయారు చెయ్యి నా మీద బిగిసింది. ఊడిన నా అంచు ఇంకొంచెం ఊడింది. ఆమె ఏం ఆలోచించిందో నాకు తెలుసనుకుంటాను. ఆయన నుదురు కదలడం మొదలైంది కదా, ఇక దానంతటదే దారిలో పడుతుంది, ఈ మూడు నెలలు ఎలాగోలా గడిపేయొచ్చు, కౌంటరు మాత్రం పోతే తిరిగి రాదు. ఇంట్లో ఆయన స్కూటరు తుప్పు పడుతోంది. ఆయన మళ్ళీ పనికి వెళ్ళే రోజుకి దాన్ని బాగుచేయించాలని కొంత దాచింది. ఆ డబ్బే బల్ల మీదకి వచ్చింది.

ఇంజక్షన్ రోజున తాయారు నన్ను గడ్డకట్టించి, తువ్వాలు చుట్టి తీసుకెళ్ళింది.

"మా దగ్గర ఐసు ఉంది కదా మేడం" అంది నర్సు.

"ఉండనీ అమ్మా. ఇది నాకు అలవాటు."

అలా మొదటిసారి ఆమె నుదుటి మీద పడుకున్నాను. ఎన్ని గీతలో. పొలానికి నీళ్ళు పెట్టే బోదెల్లా ఉన్నాయి. పక్కన ట్రేలో నా పాత తోటి ప్రయాణికురాలు, ఆ గాజు సీసా, మూత తీసుకుని కూర్చుంది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు. నేను ఆమె చర్మాన్ని మొద్దుబార్చాను, సూది దిగింది. నా పని కాసేపే. దాని పని నెలలు. ధరలో తేడా అందుకేనేమో అనుకున్నాను.

కొన్ని రోజుల్లో ఆ బోదెలు పూడిపోయాయి. కొట్లో ఫాల్స్ గది జాబితాలోంచి తాయారు పేరు తీసేశారు. ఝాన్సీ ఫోను చేసి, "పెళ్ళికూతురిలా ఉన్నావక్కా, నేనే కుళ్ళుకుని ఏడుస్తున్నాను" అంది. చిట్టబ్బాయికి ఆమె ఏమీ చెప్పలేదు. ఆయన రోగమైన దాన్నే తాను డబ్బిచ్చి కొనుక్కొచ్చుకున్నానని ఏ నోటితో చెబుతుంది?

పొద్దున్నే స్టూలు మీద కూర్చుని "ఊఁ, ముడవండి" అనేది. తనూ ముడిచేది. ఆమె లోపల ముడిచేది గాని నుదురు వరకూ అది వచ్చేది కాదు. ఎదురుగా ఉన్నది చూసి చేయడం ఆయనకి అలవాటు. ఎదురుగా ఏమీ కదలడం లేదు. ఆయనా ఏమీ కదపలేదు. నా కింద పిల్లి మళ్ళీ నిద్రపోయింది.

"నువ్వు చెయ్యడం లేదు" అన్నాడొకసారి.

"చేస్తున్నానండీ."

"విసుగొస్తే చెప్పు తాయారూ. ఒకరి మొహం ఎన్నాళ్ళని దిద్దుతారు."

"విసుగేంటండీ" అంది. ఆ మాటలో బాధ ఉంది. ముఖం మాత్రం ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. ఆయన ముఖాన్నే నమ్మాడు.

అత్తగారి పులుసు మాట ఎవరూ ఎత్తడం మానేశారు. కాపడం పెట్టడం మాత్రం ఆగలేదు. ఇద్దరు మనుషులు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని ఇంత దూరంగా ఉండొచ్చని ఫ్రిజ్జులో ఉండే నేను కూడా అనుకోలేదు. రెండు నుదుళ్ళూ నాకు ఒక్కలాగే కనిపించేవి, కదలకుండా, నున్నగా. ఎవరిది రోగమో, ఎవరిది వైద్యమో చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని.

ఇవాళ, మీతో ఇదంతా చెబుతూండగానే, తాయారు నేనున్న గిన్నె పట్టుకుని వస్తూంటే కాలికి స్టూలు తగిలింది. వేణ్ణీళ్ళు తొణికి ఆమె పాదం మీద పడ్డాయి. "అమ్మా" అని గిన్నె వదిలేసింది. నేను నేల మీద పడ్డాను. చిట్టబ్బాయి గభాలున లేచి ఆమె ముఖంలోకి చూశాడు. పాదం కాలిపోతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నుదురు మాత్రం ఏమీ ఎరగనట్టుంది.

ఆయన బొటనవేలు ఆమె కనుబొమల మధ్య పెట్టాడు.

"ముడువు."

ఆమె ముడిచింది.

"గట్టిగా, తాయారూ."

ఆమె మెడ నరాలు తేలాయి. వేలి కింద ఏమీ కదలలేదు.

"ఎప్పట్నించి ఇలాగుంది?" ఆయన గొంతు తగ్గిపోయింది. "నాది నీకు అంటుకుందేంటి? రోజూ నా ఎదురుగా కూచుని, కూచుని..."

ఆమె నోరు తెరిచింది. కాదండీ అని ఒక్క మాట అంటే చాలు, ఆయన కుర్చీలో కూర్చుంటాడు. బహుశా మళ్ళీ లేవడు. ఆమె నోరు అలాగే ఉండిపోయింది.

చిట్టబ్బాయి ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. నేల మీంచి నన్ను తీసి, నీళ్ళు తుడిచి, ముందు తన చెంపకి ఆనించి చూసుకుని, ఆమె నుదుటి మీద పెట్టాడు. ఆమె చెయ్యి లాగి నన్ను పట్టుకోమన్నట్టు అదిమాడు. గోడకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పడ్డాయి. మంచం కింద వంగి చెప్పులు వెతుక్కున్నాడు. నా కింద ఆమె నుదురు నిశ్చలంగా ఉంది, నా అంచు దగ్గర మాత్రం వెచ్చగా తడి తగులుతోంది. వీధిలో పిల్లలు బడికి వెళుతున్న చప్పుడు. ఆయన గడియ తీశాడు. పగటి వెలుతురులో ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి చూడకుండా, "మేరీరత్నంగారిని పిలుచుకొస్తాను, కదలకు" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.