తోడల్లుడి పాస్‌వర్డ్

మా తోడల్లుడి తర్వాత నేను డ్యూటీ ఎక్కిన రోజునే పాస్‌వర్డ్ పనిచేయదు. కునుకాయన తర్వాత ఎక్కితే బంగారంలా పనిచేస్తుంది. ఇందులో అనుమానించడానికి ఏముందనేవాళ్ళు ఒకసారి నా కుర్చీలో కూర్చుని చూడాలి.

నేను పనిచేసేది పాల ఫ్యాక్టరీలో, పాలగదిని చల్లబరిచే కంప్రెసర్ల గదిలో. వంతులవారీగా ముగ్గురం మెకానిక్కులం: నేను, నా భార్య చెల్లెలి మొగుడు, ఇంకొకాయన. ఆ మూడో ఆయనకి కుర్చీ కనబడితే చాలు, కళ్ళు మూతపడతాయి. అందుకే కునుకాయన అయ్యాడు. గదిలో గోడకి ఒక కంప్యూటర్ బిగించి ఉంది. పాలగది ఎంత చల్లగా ఉందో చూడడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. రెండో కంప్రెసర్ నడపాలంటే మాత్రం పెద్ద ఖాతాలోకి వెళ్ళాల్సిందే.

ఒకప్పుడు ఆ ఖాతా పాస్‌వర్డ్ ప్యానెల్ తలుపు వెనక పెయింటుతో రాసి ఉండేది. తలుపుకి రంగులు వేసేవాళ్ళు కూడా ఆ అక్షరాల్ని తప్పించి వేసేవాళ్ళు. హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చి దాన్ని గీకించేసింది. దాని బదులు కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టింది. మేం దాన్ని పెట్టె అనేవాళ్ళం, ఆవిణ్ణి తాళాలమ్మ అనేవాళ్ళం. పాస్‌వర్డ్ ఆ పెట్టెలో ఉంటుంది. బొటనవేలు ఆనిస్తే చూపిస్తుంది, ఎవడు చూశాడో పేరుతో సహా గుర్తు పెట్టుకుంటుంది. పైగా మనిషి చెయ్యి పడకుండా, షెడ్యూలు ప్రకారం తనంతట తనే పాస్‌వర్డ్ మార్చేస్తుంటుంది.

అందరి వేలిముద్రలూ ఆ పెట్టెలోకి ఎక్కించుకునే రోజున నన్నూ పిలిచారు.

"వేలు పెట్టండి బాబాయిగారూ" అంది తాళాలమ్మ.

"పెట్టాక ఏది పాడైనా నా వేలే కదమ్మా చూపిస్తారు?"

ఆవిడ నవ్వింది. "దానికేగా పెట్టించుకునేది!"

అంత నిజం మొహం మీద చెప్పేసరికి నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చేతులకి నూనె ఉంది, కడుక్కొస్తానని చెప్పి బయటికొచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు. చదువు మధ్యలో మానేసినవాణ్ణి. ఎక్కడ సంతకం పెట్టమన్నా, ఎక్కడ వేలు పెట్టమన్నా అది చివరికి నా పీకకే చుట్టుకుంటుందని నాకు అనుభవం. నా వేలు ఎక్కలేదని ఎవరూ పట్టించుకోలేదు.

మరి డ్యూటీ ఎలా చేశానంటే, దిగేవాడు ఎక్కేవాడికి అన్నీ అప్పజెప్పి వెళ్ళడం మా గదిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఏ వాల్వు కారుతోంది, ఏ బెల్టు కీచుమంటోంది, ఎక్కడ నేల జారుతోంది, అన్నీ చెప్పి వెళ్ళాలి. వాటితో పాటు పాస్‌వర్డ్ కూడా చెప్పేవాళ్ళు, మోటార్ల మోతలో చెవిలో నోరు పెట్టి.

ఇంతలో పెద్ద మెకానిక్ పదవీ విరమణ దగ్గరపడింది. ఆ కుర్చీకి నేనో, మా తోడల్లుడో. కునుకాయన ఉన్న కుర్చీతోనే తృప్తిగా ఉన్నాడు. పాస్‌వర్డ్ నాకు ఎదురుతిరగడం సరిగ్గా అప్పుడే మొదలైంది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా తోడల్లుణ్ణి డ్యూటీ దింపి నేను ఎక్కాను. కాసేపటికి ఒకదాని వెనక ఒకటి పాల ట్యాంకర్లు వచ్చాయి. రెండో కంప్రెసర్ నడపాలి. వాడు చెవిలో చెప్పింది కొట్టాను. తప్పంది. మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను. తప్పంది. మళ్ళీ కొడితే ఖాతాకే తాళం పడింది. తెరమీద పాలగది వేడి ఎక్కుతూ కనబడుతోంది. చూస్తున్నాను. చూడడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదుగా!

మా తోడల్లుడికి ఫోన్ చేశాను. అప్పటికే ఇంటికి చేరినట్టున్నాడు, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆఫీసుకి ఫోన్ చేసి తాళం తీయించాడు, పెట్టెకి వేలు ఆనించాడు, కంప్రెసర్ నడిపాడు.

"మారిందన్నయ్యా" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మారిందని నీకెలా తెలుసురా?"

"మారుతుందిగా మరి. దాని షెడ్యూలు దానిది."

"నేను ఎక్కినప్పుడే వస్తుందా దాని షెడ్యూలు?"

వాడు నవ్వి, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడే అలా నవ్వుతాడు. పాలు పాడవలేదు కానీ, పాలగది వేడి చూపించే గీత పైకి లేచిన సంగతి మేనేజరు తన గదిలోని తెరమీదే చూశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే క్రేట్లు కడిగే చోటికి పంపేస్తానన్నాడు. క్రేట్లు కడగడమంటే మా ఫ్యాక్టరీలో చేతకానివాళ్ళకిచ్చే పని. అక్కడికి వెళ్ళినవాడు తిరిగి మెకానిక్ అయింది నేను చూడలేదు.

ఇంటికెళ్ళి భార్యతో అన్నాను. "మీ మరిది నా నోట్లో మట్టి కొడుతున్నాడే."

"వాడా? వాడికంత తెలివుంటే మా చెల్లి ఎంత సంతోషించేదో!" అంది. "మీకు మీ నీడ వెంట వచ్చినా అనుమానమే. నిన్న కూరగాయలవాడు తూకం సరిగ్గా వేశాడని కూడా అనుమానించారు."

"ఎందుకు వేశాడో నువ్వు చెప్పగలవా?"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం మాటు వేశాను. తర్వాత వాడి దగ్గర డ్యూటీ తీసుకున్న రోజున, వాడు చెవిలో పాస్‌వర్డ్ చెప్పగానే చొక్కా మార్చుకోవడానికి వెళ్తున్నట్టు పక్కగదిలోకి వెళ్ళి, తలుపు అద్దంలోంచి చూశాను. వాడు కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. పెట్టె తెరిచాడు. ఏదో నొక్కాడు. ఒకసారి వెనక్కి చూసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను పరిగెత్తుకెళ్ళి వాడు చెప్పిన పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది.

ఇంకేం కావాలి? కోపం ముందు పుట్టింది, బుద్ధి తర్వాత పుట్టింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. తాళాలమ్మ ఆ వారం మా ఫ్యాక్టరీలోనే ఉంది. ఆవిణ్ణీ పిలిచారు. గేటు దాటబోతున్న మా తోడల్లుణ్ణి వెనక్కి రప్పించారు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు మేనేజరు నాతో.

"పాస్‌వర్డ్ నాకు చెప్తాడు సార్. నేను చొక్కా మార్చుకునేలోపు దాన్ని మార్చేసి పోతాడు. కళ్ళారా చూశాను."

మా తోడల్లుడి మొహం తెల్లబోయింది. "నేను మార్చడమేంటన్నయ్యా? తీసుకున్న పాస్‌వర్డ్‌ని పెట్టెకి తిరిగిచ్చేసినట్టు బటన్ నొక్కాను, అంతే. పని అయ్యాక తిరిగిచ్చేయమని, వేళ్ళు ఎక్కించుకున్న రోజున పెట్టిన క్లాసులో మేడం చెప్పారుగా!"

తాళాలమ్మ లాప్‌టాప్ మావైపు తిప్పింది. "ఇదిగోండి షెడ్యూలు. వారానికోసారి, ఆదివారం తెల్లవారుజామున మారుతుంది. కింద ఇంకో గడి ఉంది, చూడండి. తిరిగిచ్చిన వెంటనే మార్చెయ్యమని. ఈమధ్యే అందులో టిక్కు పెట్టింది నేనే. వాడినవాడు వెళ్ళిపోయాక ఆ పాస్‌వర్డ్ ఇంకెవరికీ పనికి రాకూడదు కదా! ఈయన బుద్ధిగా తిరిగిచ్చిన ప్రతిసారీ ప్రోగ్రామే మార్చేసింది."

"మరి కునుకాయన దిగితే ఎందుకు మారదమ్మా?"

"ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా తిరిగివ్వలేదు. లేచి వెళ్ళిపోతాడంతే."

నిద్రపోయేవాడి వల్ల నా డ్యూటీ సాగింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాడి వల్ల ఆగింది. లోకం తీరు ఇంతే కదా అనుకుంటుండగా, మేనేజరు కుర్చీలో ముందుకి వంగాడు.

"ఆగండాగండి. ఇతను నీకు పాస్‌వర్డ్ చెప్పడమేమిటి? నీ వేలు ఏమైంది?"

తాళాలమ్మ వెతికింది. "ఈయన పేరే లేదు సార్."

మేనేజరు చూసింది నావైపు కాదు, వాడివైపు. "పెద్ద ఖాతా పాస్‌వర్డ్ నోటితో చెప్పినవాణ్ణి ఆ గదిలో ఉంచకూడదని హెడ్డాఫీసు ఉత్తర్వు. ఆ సంగతి నీకు తెలుసు. తెలిసే చెప్పావా?"

నేను నోరు మూసుకుంటే చాలు. మహా అయితే నాకు నాలుగు చీవాట్లు పడతాయి, వాడు క్రేట్ల దగ్గరికి పోతాడు, పెద్ద మెకానిక్ కుర్చీ నాకు మిగులుతుంది. వాడు కాళ్ళు పట్టుకుంటాడేమో, నేనే బలవంతపెట్టి చెప్పించుకున్నానంటాడేమో అని కాచుకుని ఉన్నాను.

"తెలిసే చెప్పాను సార్" అన్నాడు వాడు. "అన్నయ్యకి ఆ పెట్టె అంటే పడదు. నేను చెప్పకపోతే ఆయన డ్యూటీ ఎలా చేస్తాడు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత సుళువుగా ఒప్పుకునేవాణ్ణి ఎలా నమ్మడం? ఇందులోనూ ఏదో ఎత్తుంది. రేపట్నుంచి అక్కాచెల్లెళ్ళు ఎదురుపడ్డప్పుడల్లా, మీ ఆయన కోసం మా ఆయన క్రేట్లు కడుగుతున్నాడు అనే మాట లేకుండా పూట గడవదు. నేను చచ్చేదాకా వాడి మంచితనాన్ని నెత్తిన మోయాలి. అది నావల్ల కాదు.

"అబద్ధం సార్" అన్నాను. "వాడేం చెప్పలేదు. వాడు పెట్టె తెరిచినప్పుడల్లా వాడి భుజం మీంచి నేనే తొంగిచూసేవాణ్ణి."

"ఇందాక చెప్తాడన్నావు?"

"వాడి మీద కచ్చతో అన్నాను."

"అన్నయ్యా!"

"నువ్వు నోర్ముయ్."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "తప్పు నాదంటే నాదని కొట్టుకునే చుట్టాల్ని ఇప్పుడే చూస్తున్నాను. ఎవరి మాట నిజమో తేల్చే తీరిక నాకు లేదు. వేలు ఎక్కించుకోనిది నువ్వు కాబట్టి, రేపట్నుంచి నువ్వే క్రేట్ల దగ్గరికి వెళ్ళు."

"పోనీ, ఇప్పుడు వేలు పెడితే..." అంది తాళాలమ్మ.

"ఇప్పుడెందుకమ్మా? క్రేట్లకి పాస్‌వర్డ్ లేదు."

బయట వరండాలో వాడు నా వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నాకోసం అబద్ధమాడమని నేనడిగానా?"

"నీకోసం ఎవడాడాడ్రా?"

"మరెందుకు చెప్పావు?"

చెయ్యి విదిలించుకున్నాను. "కుర్చీ ఇక నీదే. దానికేగా ఇదంతా?"

"నాకు ఆ కుర్చీ వద్దన్నయ్యా" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు నిజమో కాదో చూద్దామని కాసేపు అక్కడే నిలబడ్డాను. తేలలేదు.

స్టోరుకి వెళ్ళి మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు అడిగాను. స్టోరువాడు ఎవరికన్నాడు. నాకేనన్నాను. వాడు నమ్మలేదు.