గోదావరి మీద బాత్రూం తలుపు

ఇటు రండి, ఇంకొంచెం జరగండి. ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు అక్కడి దాకా రాదు. పల్లీల గిన్నె మధ్యలో పెట్టుకోండి, పొట్టు మాత్రం నా మంచం మీద వెయ్యొద్దు. సారక్క ఇంటి తలుపు సంగతి చెప్తాను, వినండి.

గోదావరిఖనిలో గని కార్మికుల కాలనీ ఉంది కదా, అందులో చివరి వరుసలో సారక్క వాళ్ల క్వార్టరు. భర్త జగదీశ్వర్ గనిలో బెల్టు ఫిట్టరు. బొగ్గును మోసుకుంటూ రాత్రింబగళ్లు సాగే పొడవాటి రబ్బరు బెల్టును కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. అన్నం ముందు కూర్చుంటే చాలు, బెల్టు కబుర్లు మొదలు. ఏ రోలరు కీచుమంది, ఎక్కడ అంచు చిరిగింది, బెల్టు కొసన తిరిగే డ్రమ్ము దగ్గర ఏం తట్టుకుంది, అన్నీ వచ్చి పప్పులో పడేవి. పెళ్లయిన కొత్తలో సారక్క ఊ కొట్టేది. తర్వాత తర్వాత వినడం మానేసింది. మానేశాననే అనుకుంది పాపం.

ఒకనాడు సారక్క కూరగాయల సంచితో బజారు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుందామని బాత్రూం వైపు వెళ్తే అక్కడ తలుపు లేదు. అది కొత్త తలుపు. కూతురు సంధ్యారాణి పెళ్లికని పాత రేకు తలుపు పీకించి, ముచ్చటపడి పెట్టించుకున్న తెల్లటి ప్లాస్టిక్ తలుపు. ఆమె పెరట్లోకి వెళ్లి చూస్తే, రెండు స్టూళ్ల మీద ఆ తలుపు పడుకుని ఉంది. పక్కన జగదీశ్వర్ దాని అంచులు గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"ఏందయ్యా గిది?"

"సర్ఫింగ్ పలక," అన్నాడు ఆయన తలెత్తకుండా.

"నాకు బాత్రూం తలుపు లెక్క కనవడ్తంది."

"పొద్దుగాల దాంక తలుపే. ఇప్పుడు పలక."

సంగతేమిటంటే, విశాఖపట్నం సముద్రంలో కుర్రాళ్లు పలకల మీద నిలబడి అలల మీద జారుతుంటే ఆయన ఫోనులో చూశాడు. చూసిన నాటి నుంచి మనిషి నేల మీద లేడు. సారక్క తమ్ముడు సదయ్యకు గోదావరిలో చేపలు పట్టే మోటారు పడవ ఉంది. దాని వెనక తాడు పట్టుకుని లేస్తే, పడవ లేపే అలే సముద్రమంత పని చేస్తుందని బావాబామ్మర్దులు తేల్చేశారు. పలక ఒక్కటే తక్కువ. పొడుగ్గా, తేలిగ్గా, నీళ్లకు చెడనిదై ఉండాలి. జగదీశ్వర్ ఇల్లంతా కలియజూశాడు. బాత్రూం దగ్గర ఆయన చూపు ఆగిపోయింది.

"ఆదివారం బెల్లంపల్లి వదినె వస్తంది. యాదున్నదా?" అంది సారక్క.

ఆయన చేతిలో గరుకు కాగితం ఆగింది.

ఆ వదినె ఎవరనుకున్నారు? సంధ్యారాణి అత్తగారు, మల్లక్క. పెళ్లయ్యాక వియ్యంకుల ఇంటికి ఆమె రావడం అదే మొదలు. పెళ్లి విందులో వంకాయ కూరకు ఉప్పు కొంచెం తగ్గిందని బెల్లంపల్లి బజారంతా ఇప్పటికీ చెప్పుకుంటుందంటే, దాన్ని చాటింది ఆమే. అలాంటి మనిషి వచ్చి, వియ్యంకుల బాత్రూంకు తలుపు కూడా లేదని చూసిపోతే ఇంకేమైనా ఉందా? ఆ మాట బస్సు కంటే ముందే బెల్లంపల్లి చేరుతుంది.

"ఆదివారం పగటీలికి తలుపు దాని జాగల ఉండాలె," అంది సారక్క. "నా ఇజ్జత్ గా తలుపు మీదనే ఉన్నది. లేకుంటే ఆ దర్వాజల నిన్నే నిలవెట్టి సీలలు కొడ్త."

"ఫికర్ చెయ్యకు. గంతలనే అయిపోతది."

తలుపు స్థానంలో సారక్క పాత చీర కట్టింది. గాలి వస్తే అది లేచిపోయేది. లోపలున్న వాళ్లు బయటికొచ్చే దాకా దగ్గుతూనే ఉండాలి. పక్కింటి రమ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏందక్కా, ఇంటిల్లిపాదికి దగ్గు వట్టినట్టున్నది, దవాఖానకు పోరాదు," అని అడిగింది కూడా.

డ్యూటీ దిగగానే జగదీశ్వర్ నడుముకు గాలి నింపిన స్కూటరు ట్యూబు తగిలించుకుని, తలుపు నెత్తిన పెట్టుకుని నదికి పోయాడు. చీకటి పడే వేళకు తడిసి ముద్దై వచ్చాడు. వెనకే వచ్చిన సదయ్యను సారక్క అడిగింది, ఏమైందని.

"బావ మంచిగనే నిలవడ్డడక్కా. తలుపే నిలవడలె. అడుగు సాఫుగుండెనా, నీళ్లు ఎటు వోవాల్నో వాటికే తెల్వలె. సర్రున ఉరికింది, గని ముంగటికి గాదు, పక్కకు. తడి బండ మీద సబ్బు లెక్క."

"అడుగు గుండ్రంగ చెయ్యాలె," అన్నాడు జగదీశ్వర్, చెవిలోంచి నీళ్లు దులుపుకుంటూ. "గుండ్రంగుంటే నీళ్లు మెత్తగ వోతయి."

మర్నాడు జ్యోతినగర్ దుకాణం నుంచి ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే థర్మకోల్ పలకలు తెచ్చి, తలుపు కిందివైపు అతికించి, గేదె పొట్టలా గుండ్రంగా చెక్కి, పార్సిళ్లకు చుట్టే గోధుమరంగు టేపు చుట్టూ వేశాడు. తిప్పటానికి వీలుగా పాత సామాను దుకాణంలో దొరికిన రబ్బరు ముక్కను చేప రెక్కలా కోసి, తోక దగ్గర బిగించాడు. సారక్క చూసి, బాత్రూంకు కట్టిన చీర ముడి ఇంకొంచెం బిగించుకుంది. తలుపుకు రెక్క మొలిచాక అనేదేముంటుంది?

ఆ సాయంత్రం సదయ్య చెప్పింది ఇది. "మెత్తగనే వొయిందక్కా. శానా మెత్తగ. నీళ్లు ఆ పొట్టను కరుసుకొని ఇడువనే ఇడువలె. నా పడవ ముంగటికి గుంజుతంటె, తలుపు ఎనుకకు గుంజింది. కొట్టుకొస్తున్న నాచు మమ్ముల దాటుకొని వోయింది."

జగదీశ్వర్ ఆ పూట అన్నం కలుపుతున్నాడు. కలుపుతూ కలుపుతూ ముద్ద నోటి దగ్గర ఆపాడు.

"బెల్టు," అన్నాడు.

"ఇగ షురువైంది," అంది సారక్క.

"నా బెల్టు తొట్టి లెక్క వంగి ఉంటదా లేదా? అందుకే బొగ్గు పక్కలకు వోకుంట ముంగటికి ఉరుకుతది. పలక కింద గట్లనే నడుమ లోతు చేస్తే నీళ్లు సక్కగ వోతయి."

ముద్ద కంచంలో పడేసి లేచాడు. పొట్ట చెక్కిన చోటే పళ్లెంలా లోతు తవ్వాడు, ముందు కొస నుంచి తోక దాకా ఒకటే తొట్టి. శనివారం దాన్ని నీళ్లలో వేస్తే ఏమైందో చెప్పేటప్పుడు సదయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు, చావు కబురు చెప్పేవాడిలా.

"ఉరికిందక్కా. తొట్టిల నీళ్లు జొచ్చి తలుపును పైకి లేపినయి. గాలిల వోయినట్టే వొయింది. గని సక్కగనే వోతది, మలుగదు. రెండు అంచులు నీళ్లను కొరికి వట్టుకున్నయి. బావ ఇటు వంగిండు, అటు వంగిండు, తాడు ఇడిసిండు, అరిసిండు. అది రైలు లెక్క వోయి బర్రెల నడుమ ఆగింది. బావ ఒక బర్రె మీద చెయ్యేసి లేచిండు. పాపం, గదేమనలె."

ఆదివారం పొద్దున సారక్క లేచేసరికి పెరట్లో తలుపు లేదు, ఇంట్లో మొగుడు లేడు. ఆమె ఇంటికి తాళం వేసి, పనిముట్ల సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి బొడ్లో దోపుకుని, ఆటో ఎక్కి గోదావరి ఒడ్డుకు పోయింది.

"తే తలుపు," అంది.

"ఒక్కటే ఒక్క సారి," అన్నాడు జగదీశ్వర్. ముఖం చిన్నబోయి ఉంది. "మలిగితే సాలు. మలిగినంక నేనే మోసుకొస్త."

ఆమె వినలేదు. పట్టుకుపోదామని తలుపును తిరగేసింది. తిరగేసిన చెయ్యి ఆ తొట్టిలో పడింది. చెయ్యి అలా జారుతూ జారుతూ తోక దాకా పోయింది. కొస దాకా ఒకటే లోతు. ఆమెకు ఎందుకో అన్నం ముందు కూర్చుని బెల్టు కబుర్లు వింటున్నట్టు అనిపించింది. ఇన్నేళ్లు వినలేదనుకున్న మాటలన్నీ ఎక్కడో దాక్కుని ఉన్నాయి కాబోలు, ఒక్కసారి బయటికి తోసుకొచ్చాయి.

"దీనికి డ్రమ్మేది?" అంది.

"ఏం డ్రమ్మే? ఇది పలక."

"అన్నం తింటాంటె రోజు నా పానం దీస్తవు గద. బెల్టు నడుమ తొట్టి లెక్క ఉన్నా, డ్రమ్ము కాడికి వచ్చెటాల్లకు మెల్లెగ సదును గావాలె, లేకుంటే అంచులు గుంజుకపోతయి, బొగ్గు సక్కగ దిగదు అని. మరి నీ తొట్టి కొసకు సదునేది? లోపలికొచ్చిన నీళ్లు దిగేదెట్ల?"

జగదీశ్వర్ తలుపు వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. అంత పొడుగు బెల్టును రోజూ కళ్లతో తడిమే మనిషి, తొట్టిని పట్టుకుని కొసను మరిచిపోయాడు.

"నువ్వు ఇంటున్నవా ఇన్ని రోజులు?" అన్నాడు.

"ఇనలె. చెవులల్ల వడ్డయి. జల్ది చెక్కు, వదినె బస్సు ఎక్కే ఉంటది."

సదయ్య చేపలు కోసే కత్తి ఇచ్చాడు. జగదీశ్వర్ టేపు విప్పి, తోక దగ్గర తొట్టి రెండు అంచులను చెక్కి పల్చన చేశాడు. లోతు మెల్లగా తగ్గి చదునై, ఆఖర్న మధ్యలో ఇంటి కప్పు మీది వెన్నులా సన్నని ఎత్తు మిగిలింది. మళ్లీ టేపు వేశాడు.

పడవ కదిలింది. తలుపు లేచింది. జగదీశ్వర్ దాని మీద వంగి, మెల్లగా నిటారయ్యాడు. తాడు వదిలి, పడవ లేపిన అల మీద జారుతూ ఎడమకు ఒరిగితే తలుపు ఎడమకు మలిగింది. కుడికి ఒరిగితే కుడికి. సారక్క ఒడ్డున నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వు కనపడకుండా.

"వదినె, గా ఎగురుతున్నది మా అన్ననేనా?"

సారక్క వెనక్కి తిరిగింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో స్వీటు డబ్బాతో మల్లక్క. మొదటి బస్సుకే వచ్చిందట. ఇంటికి తాళం చూసి పక్కింట్లో అడిగితే, దగ్గు తగ్గటానికి నది గాలికి పోయి ఉంటారని రమ ఇటు పంపిందట.

సారక్కకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంటికి తాళం ఉంది కాబట్టి బాత్రూం చూసి ఉండదు. పలక అని చెప్తే సరి. ఇంతలో జగదీశ్వర్ ఒడ్డుకు జారుకుంటూ వచ్చి, నీళ్లు కారుతూ, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"నమస్తే అక్కా. ఎట్లున్నది మా బాత్రూం తలుపు?"

సారక్క కళ్లు మూసుకుంది. బెల్లంపల్లి బజారు మొత్తం ఆ రెప్పల వెనక నిలబడి ఆమెను చూసి నవ్వింది.

మల్లక్క స్వీటు డబ్బా సారక్క చేతిలో పెట్టింది. తలుపు చుట్టూ ఒకసారి తిరిగింది. రబ్బరు రెక్కను వేలితో కదిపి చూసింది. తర్వాత వంగి, వేళ్ల మడతలతో దాన్ని టకటకా కొట్టింది.

"లోపట ఎవ్వలు లేరు గద," అని, చెప్పులు విడిచింది. "ఎటు మొఖం వెట్టి కూసోవాలె?"

ఆ పూట గోదావరిని చూడాల్సింది మీరు. నడుముకు స్కూటరు ట్యూబు, ఒళ్లో సంచీ, తలుపు మీద బాసింపట్టు వేసుకుని మల్లక్క. నిదానంగా లాగమంటే సదయ్య నిదానంగానే లాగాడు. ఆమె మాత్రం, "నడువదా ఇది?" అని గదమాయించింది. వేగం పెంచాడు. తొట్టిలో నీళ్లు చేరి తలుపు లేచింది. ఆమె ఎటు ఒరిగితే అటు మలిగింది. గట్టు మీద కడుపు నిండిన గేదెలు తలలు తిప్పి చూశాయి. స్వీటు డబ్బా మాత్రం ఒడ్డున సారక్క చేతిలోనే ఉండిపోయింది. కంగారులో సగం తినేసింది ఆమె.

మధ్యాహ్నం కాకముందే తలుపు దాని చోట నిలబడింది. థర్మకోల్ పొట్ట బయటికి పెట్టి బిగించారు, లోపలికైతే మూసుకోదు. రెక్కకు మల్లక్క తన తువాలు తగిలించుకుంది. మేకు కంటే ఇదే మేలు, జారదు అంది.

మల్లక్క బెల్లంపల్లి పోయి చెప్పింది, చెప్పకుండా ఉంటుందా? ఏం చెప్పిందో అని సారక్కకు వారమంతా అన్నం సహించలేదు. ఆ తర్వాత ఫోను మోగింది. వదినె గొంతు.

"వదినె, మా బాత్రూం తలుపు గూడ పీకిచ్చిన. మా ఆయన దగ్గుతున్నడు లోపట. మా వాడకట్టోళ్లంత వచ్చి కూసున్నరు. జర అన్నను అడిగి చెప్పు, తోక కాడ ఎంత చెక్కాలె?"

"అన్ననెందుకు, నేనే చెప్త," అంది సారక్క.

అదీ సంగతి. గుర్తుంటుందా మీకు? నడుమ లోతు, కొస చదును, చదును మీద సన్నని వెన్ను. మీ పిల్లలకు చెప్పేటప్పుడు కలపాల్సినవి కలుపుకోండి, గేదెలను ఇంకో నాలుగు పెంచినా నేనేమీ అనను. కానీ ఆ కొస సంగతి చెప్పింది సారక్క అని మాత్రం మరవకుండా చెప్పండి. జగదీశ్వర్ చెప్పేటప్పుడు అది తనకే తోచిందంటాడు.