విడాకుల కోర్టులో పెళ్లి సోఫా

నేను ఒక రిసెప్షన్ సోఫాని. మామూలు సోఫా అనుకునేరు. ఎర్ర మఖమల్ బట్ట, బంగారు రంగు పూసిన చేతులు, ఆ చేతుల చివర రెండు సింహం తలలు నా హంగులు. నన్ను చేసిన వడ్రంగి సింహాన్ని ఎప్పుడూ చూడలేదట. అందుకని ఒకటి కుక్కలాగా వచ్చింది, ఇంకొకటి వాళ్ల మామగారిలాగా వచ్చింది. అయినా నా మీద కూర్చున్నవాళ్లకి సింహాల వంక చూసే తీరిక ఎక్కడిది? అందరూ ఫొటోగ్రాఫరు వంకే చూస్తారు.

నా మొదటి యజమాని సూరిబాబు. గోదావరి పక్కన ఒక ఊళ్లో టెంట్ హౌస్ నడిపేవాడు. ఊరి పేరు చెప్పను, కోర్టు సంగతులు కదా, నాకెందుకొచ్చిన గొడవ. ఊళ్లో సగం పెళ్లిళ్లకి నన్ను తిప్పాడాయన. కొత్త జంట నా మీద కూర్చుంటుంది. ఊరంతా వరసలో వచ్చి అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనాలకి పరిగెత్తుతుంది. ఆ జంట మాత్రం ఆకలి కడుపుతో నవ్వుతూ కూర్చోవాలి. సంసారం మొదలుపెట్టే రోజునే ఇద్దరినీ పస్తు పెట్టడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. సగం గొడవలు అక్కడే పుడతాయని నా అనుమానం.

అలా కూర్చున్నవాళ్లే ఏడుకొండలు, దుర్గాభవాని. ఆయనది నీళ్ల మోటార్లు బాగుచేసే షాపు. ఆవిడ ఇంట్లోనే కుట్టుపని నేర్పేది. రిసెప్షన్ నాడు చక్కగానే నవ్వారు. కొన్నేళ్లకి ఇద్దరూ విడాకుల కోసం ఫ్యామిలీ కోర్టుకెక్కారు. ఎందుకని అడిగితే ఆయన ఒకటి చెబుతాడు, ఆవిడ ఇంకొకటి చెబుతుంది. ఇద్దరినీ ఒకేసారి మోసినదాన్ని, నేను ఎవరి పక్షమూ మాట్లాడను. వాళ్లకి జోషిత అని ఆరేళ్ల కూతురు. పాప తల్లి దగ్గర ఉండాలనీ, నెలకు రెండు శనివారాలు తండ్రి కోర్టులోనే గంటసేపు కలవవచ్చనీ జడ్జిగారు చెప్పారు.

కోర్టులో అంటే ఎక్కడనుకున్నారు? వరండాలో. అక్కడున్నది ఒకటే బెంచీ, దాని మీద ప్లీడర్ల ఫైళ్లు కూర్చుంటాయి. మనుషులు మాత్రం తమ కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. ఒకపక్క ఎవరి అత్తగారో శాపనార్థాలు పెడుతుంటుంది, ఇంకోపక్క ఎవరి బావమరిదో చొక్కా చేతులు పైకి మడుస్తుంటాడు. ఆ మధ్యలో ఏడుకొండలు బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని గోడకి ఆనుకుని కూతురి కోసం ఎదురుచూసేవాడు. జోషిత ఆ జనాన్ని చూడగానే తల్లి కొంగులో దూరి ఏడ్చేది. నెలల తరబడి ఇదే వరస. పాపకే ఇష్టం లేనప్పుడు ఈ కలవడాలు ఎందుకు, ఆపేస్తే పోలేదా అన్న మాట కోర్టులో వచ్చింది. ఏడుకొండలు ఆ రోజు షాపు తెరవలేదు.

అప్పటికి మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే కోర్టు బంట్రోతు దైవాధీనాన్ని మధ్యలో నిలబెట్టి ఆయన చేత చెప్పించుకునేవాళ్లు. తర్వాతి శనివారం పాప మళ్లీ ఏడుస్తుంటే దుర్గాభవాని ఆయన్ని పిలిచింది.

"దైవాధీనంగారూ, ఆయనకి చెప్పండి. పిల్లకి ఆయనంటే భయం లేదండి. ఈ వరండా అంటే భయం."

దైవాధీనం ఇటు తిరిగి అదే మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు. పక్కనే ఉన్న ఏడుకొండలుకి అది రెండుసార్లు వినపడింది. రెండోసారికి కళ్లు తుడుచుకున్నాడు.

వరండాలో పడిగాపులు కాసే కక్షిదారులంతా కలిసి వరండా సంఘం పెట్టుకున్నది ఆ రోజే. ఇదంతా తర్వాత నా మీద కూర్చుని వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను లెండి. ఏడుకొండలు ప్రెసిడెంటు, దుర్గాభవాని సెక్రటరీ. సభ్యులందరూ ఒకరి మీద ఒకరు కేసు వేసుకున్నవాళ్లే. ఏ మొగుడు ఏది ప్రతిపాదించినా అతని పెళ్లాం అలవాటు కొద్దీ అభ్యంతరం చెప్పేది. టీ తాగుదామంటే వాయిదా అడిగేవాళ్లు. అయినా రెండు కోరికల మీద మాత్రం అందరూ ఒక్కటయ్యారు. ఏ కేసు ఏ వేళకి పిలుస్తారో ముందే చెప్పాలి. వరండా చివరి గది తెరవాలి.

ఆ గది పిల్లల కోసమే కట్టారు. గోడల మీద కుందేళ్లు, జిరాఫీ బొమ్మలు కూడా వేశారు. కానీ ప్రారంభోత్సవం కాలేదు. ఎవరో పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించాలి, ఆ పెద్దలకి తీరిక లేదు. ఏళ్లు గడిచాయి. శిలాఫలకం మీద కప్పిన తెర వెలిసిపోతే కొత్త తెర కప్పారు గానీ తాళం తీయలేదు. సంఘం ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ప్రారంభోత్సవం అయ్యాక చూద్దాం అన్నదే జవాబు. చివరికి కోర్టు గేటు దగ్గర నిరసన చేద్దామనుకున్నారు. నినాదాలు గట్రా వద్దు, కుర్చీలు వేసుకుని ఊరికే కూర్చుంటే చాలు. లోపల దొరకనిది అదే కదా.

కుర్చీల కోసం ఏడుకొండలు సూరిబాబుకి ఫోన్ చేశాడు. ఎవరి పేరు రాసుకోమంటావంటే ప్రెసిడెంటు, సెక్రటరీ పేర్లు రెండూ చెప్పి, శనివారం పొద్దున మంచి కుర్చీలు కావాలి, జనం బాగా వస్తారు అన్నాడు. సూరిబాబు వ్యాపారంలో ఒక మగపేరు, ఒక ఆడపేరు కలిపి చెప్పి జనం బాగా వస్తారంటే దానికి ఒకటే అర్థం. కోర్టు గేటు దగ్గరికి పంపమనేసరికి ఇంకా ఖాయం చేసుకున్నాడు. వీళ్లిద్దరూ రాజీపడ్డారు, మళ్లీ పెళ్లి చేసుకుంటున్నారు. పాపం, మంచి మనసు. అడగనివి కూడా పంపించాడు.

శనివారం నన్ను కోర్టు గేటు ముందు దింపారు. నా వెనక పూల తెర కట్టారు. తెర మీద థర్మకోల్ అక్షరాలతో 'ఏడుకొండలు వెడ్స్ దుర్గాభవాని' అని పెట్టి, కింద ఒక గుండె, ఆ గుండెలో బాణం గుచ్చారు. పక్కన సన్నాయి మేళం మొదలైంది. అప్పుడే ఇద్దరి ప్లీడర్లూ స్కూటర్లు దిగారు. తమకి చెప్పకుండా కక్షిదారులు కలిసిపోయారనుకుని వాళ్లు పడిన బాధ అంతా ఇంతా కాదు.

దుర్గాభవాని వచ్చి తెర వంక చూసింది. ఈసారి దైవాధీనం కోసం ఆగలేదు.

"ముందు ఆ బాణం పీకండి," అన్నది మొగుడితో.

ఏడుకొండలు కుర్చీ ఎక్కి బాణం లాగితే సగం గుండె కూడా ఊడివచ్చింది. సంఘమంతా విరగబడి నవ్వింది. పక్కవాళ్ల భుజాలు చరిచి మరీ నవ్వి, ఎవరి భుజమో చూసుకుని చప్పున చెయ్యి తీసేశారు.

సన్నాయి విని జడ్జిగారు మండిపడుతూ బయటికి వచ్చారు. ఆవిడ రోజూ వెనక గుమ్మంలోంచే వస్తారు, అందులోంచే వెళ్తారు. నిండుగా ఉన్న వరండాని దాటడం అదే మొదటిసారి. చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లుల్ని, మెట్ల మీద కూలబడ్డ ముసలివాళ్లని దాటుకుంటూ గేటు దగ్గరికి చేరేసరికి ఆవిడ కోపం సగమైంది. ఈలోగా జోషిత నా మీదికి ఎక్కేసింది. వడ్రంగి మామగారి నోట్లో వేలు పెట్టి చూసి, గట్టిగా పిలిచింది.

"నాన్నా, ఇది కరవదు. నువ్వూ రా."

ఏడుకొండలు ఒక చేత్తో బాణం, ఇంకో చేత్తో సగం గుండె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పాప అతన్ని పిలిచి ఎన్నాళ్లయిందో దుర్గాభవానికి తెలుసు. ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. నాకు కన్నీళ్లుండవు గానీ, ఉంటే ఆ పూట నా మఖమల్ పాడయ్యేది.

ఇదేమిటని జడ్జిగారు అడిగితే దుర్గాభవాని పాప సంగతి, గది సంగతి చెప్పింది. జడ్జిగారు పూల తెరనీ మేళాన్నీ చూసి, ప్రారంభోత్సవానికి ఇంకేం తక్కువని కోర్టు సూపరింటెండెంటుని అడిగారు. ముఖ్య అతిథి లేరండీ అన్నాడాయన నీళ్లు నములుతూ.

"అదిగో, సోఫా మీద ఉన్నారు," అన్నారు జడ్జిగారు.

దుర్గాభవాని సంచిలోంచి కుట్టుపని కత్తెర తీసి ఇచ్చింది. జోషిత గది గుమ్మానికి కట్టిన రిబ్బను ఒకచోట కత్తిరించి ఊరుకోలేదు, ముక్కముక్కలు చేసింది. తాళం తీసి చూస్తే లోపల కుందేళ్లు తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. అందుకని నన్ను లోపలికి తోశారు. సాయంత్రం టెంట్ హౌస్ మనుషులు నన్ను తీసుకుపోవడానికి వస్తే సూరిబాబే వద్దన్నాడట. విడాకుల కోర్టులో ఒక పూట గడిపిన సోఫాని ఏ పెళ్లివారు అద్దెకు తీసుకుంటారు? అలా నాకు సర్కారు కొలువు దొరికింది.

వరండాలోకి తర్వాత బెంచీలు వచ్చాయి. కేసులు పిలిచే వేళలు ముందే చెప్పడం ఇంకా మొదలవలేదు, సంఘం అడుగుతూనే ఉంది. ఏడుకొండలుకీ దుర్గాభవానికీ విడాకులు వచ్చేశాయి. సంఘంలో మాత్రం ఎవరి పదవి వాళ్లు వదల్లేదు.

మొన్న శనివారం జోషిత బొమ్మలన్నీ నా మీద పరిచి, ఆడి ఆడి తండ్రి ఒళ్లో నిద్రపోయింది. గంట అయిపోయింది. దుర్గాభవాని వేళకి వచ్చి గుమ్మంలో ఆగింది. దైవాధీనం లోపలివాళ్లని పిలవబోతే చేత్తో వారించి, గోడ గడియారం చూపించింది.

"మీ గడియారం ముందుకెళ్తోందండి," అన్నది నెమ్మదిగా.

దైవాధీనం గడియారం వంక చూశాడు. అది సరిగ్గానే నడుస్తోంది.

"అవునమ్మా. దానికి ఎప్పుడూ తొందరే," అన్నాడు.

ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. నేను కదలకుండా ఉన్నాను. సోఫాకి అదేం గొప్ప కాదంటారు, నిజమే. కానీ ఆ కాసేపు మాత్రం కావాలనే కదల్లేదు.