డాక్టరుగారి వైద్య చరిత్ర

మా డాక్టరు నర్సింగరావు గొప్ప రచయిత. ఆ మాట ఆయనే చెప్పేవాడు. నల్లగొండలో ఆయన దవాఖానలో నేను కంపౌండర్ని. మందులు కలపడం సగం పని, ఆయన రాసినవి సాఫుగా ఎత్తిరాయడం మిగతా సగం. నిజాం పుట్టినరోజుకు పద్యాలు రాశాడు. పోలీసు చర్య అయిన మూడో రోజే యూనియన్ సైన్యం మీద రాశాడు. విశేషణాలు కూడా మార్చలేదు, సిగ్గులేని మనిషి.

పద్యాలతో ఎవరికీ హాని లేదు, ఎవరైనా చదివితే గదా. హాని చేసింది ఆయన వైద్య చరిత్ర. అందులో నాటువైద్యం అధ్యాయమంతా పానగల్ మంత్రసాని భద్రమ్మది. విరిగిన ఎముక కట్టడం, ఒంట్లో దిగిన తూటా తీసి ఆకుపసరుతో కట్టు వేయడం, అన్నీ ఆమెను అరుగు మీద కూచోబెట్టి అడిగి రాసుకున్నాడు. పుస్తకంలోకి వచ్చేసరికి అదంతా డాక్టరుగారి తాతముత్తాతల విద్య అయింది.

"భద్రమ్మ పేరు గూడ ఎయ్యుండ్రి సార్," అన్నాను.

"మంత్రసాని పేరు పెడితే ఎవడు చదువుతడురా భిక్షం?" అన్నాడు.

నలభై తొమ్మిదిలో కమ్యూనిస్టు సంఘం దళాల కోసం సైన్యం ఊళ్లు గాలిస్తోంది. ఒకరోజు పోలీసు అమీను ఆ పుస్తకం చంకలో పెట్టుకుని దవాఖానకు వచ్చాడు. తూటా సంగతి రాసిన పేజీ తెరిచాడు.

"దొరికినోళ్ల ఒంటిమీద గిదే కట్టు ఉన్నది. నువ్వే కడ్తున్నవా?"

తాతముత్తాతలు ఆ క్షణమే మళ్లీ చచ్చారు. "నాది కాదు హుజూర్. పానగల్ల భద్రమ్మని ఒక మంత్రసాని ఉన్నది. అంత ఆమె చెప్పిందే," అన్నాడు. అడక్కముందే ఇల్లు గుర్తులు కూడా చెప్పాడు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. థూ, నాదీ ఒక బతుకే.

ఏడు నెలలకు భద్రమ్మను వదిలిపెట్టారు. దవాఖానకు వచ్చింది. రెండు చేతుల వేళ్లూ విరిగి, వంకరగా అతుక్కున్నాయి. గ్లాసు పట్టుకోలేకపోతే నేనే నీళ్లు తాగించాను.

"ఇగ కాన్పులెట్ల జేస్త బిడ్డా," అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇంతలో డాక్టరు లోపలినుంచి వచ్చాడు. ఇంకొకడైతే మొహం చెల్లక దాక్కునేవాడు. ఈయన కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"భద్రమ్మా, పుస్తకం మళ్ల అచ్చేయిస్తున్న. ఈసారి నీ పేరు ఏస్త."

ఆమె ఆయన్ని కిందినుంచి పైకి చూసింది.

"వద్దు దొరా. ఒక్కసారి నా పేరు జెప్తెనే చేతులు పోయినయి."