నాలుగో చెయ్యి

గ్రాస్ ఊళ్ళో ఒనొరా గారి సెంటు కార్ఖానాలో పరీక్ష రోజంటే ఆడవాళ్ళకి సగం పండగ, సగం శిక్ష. కుర్చీలో కూర్చుని ఉండటమే పని కాబట్టి పండగ. ముందురోజు నుంచీ వెల్లుల్లి ముట్టకూడదు, వాసన సబ్బు రుద్దుకోకూడదు కాబట్టి శిక్ష. పొద్దున ఎనిమిదింటికల్లా ఎడమచేతి చొక్కా మోచేతి పైకి మడిచి, చెయ్యి బల్లమీద చాపుకుని నలుగురు వరసగా కూర్చోవాలి. ఒక్కో చేతిమీద మూడు కొత్త కలయికల చుక్కలు మూడు పడతాయి, వాటిలో పాత సెంటుకి సరిగ్గా సరిపోయేది ఏదో తేల్చడమే పరీక్ష. మణికట్టు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, మోచేతి మడతలో ఒకటి. తర్వాత క్లెమాన్స్ వచ్చి ఒక్కొక్క చెయ్యీ ముక్కు దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని, వాసన చూసి, వెళ్ళేటప్పుడు ఎప్పుడూ చెప్పే మాటే చెబుతుంది.

"నాలుగింటిదాకా చెయ్యి కడుక్కోకండి."

ఇరవై రెండేళ్ళుగా చెబుతోంది. ఆ ఊళ్ళో ఇలా వాసన చూసి తీర్పు చెప్పేవాళ్ళని ముక్కు అనే పిలుస్తారు. ఒనొరా గారి ముక్కు క్లెమాన్స్. ముక్కన్నవాళ్ళు తమ ఒంటికి ఏ వాసనా తగలనివ్వకూడదని అక్కడ నియమం. అందుకని ఇంత సెంటు మధ్య బతికీ ఆవిడ ఒక్క చుక్క రాసుకుని ఎరగదు.

కార్ఖానా మొత్తం ఒకే ఒక్క సెంటు మీద బతుకుతోంది. దాని పేరు 'చీకటి తోట'. పైన జాజి, మధ్యలో గులాబీ, అడుగున ఓక్ చెట్ల మీది నాచు. సీసాలో ఉన్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది, మనిషి మీద పడ్డాకే దాని అసలు గుణం బయటపడుతుంది. జినెట్ మీద జాజి గంటసేపు గోలగోల చేసి మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఎర్రజుట్టు మొరిసెట్ మీద పదింటికల్లా ఏమీ మిగలదు. ఎర్రజుట్టువాళ్ళ చర్మం పూలని తినేస్తుందని అక్కడివాళ్ళు అంటారు. ఇటలీ నుంచి వచ్చిన అస్సుంత మీద పూలు మెల్లగా తప్పుకుని, సాయంత్రానికి కొత్త తోలుచెప్పుల వాసన తేలుతుంది. ఇక నాలుగో చెయ్యి ఫిలొమెన్‌ది. ఆవిడ మీద నాచు మొలుస్తుంది.

నాచంటే నాచే. పచ్చగా, తడిగా, వేలుపెడితే మెత్తగా దిగేది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు గోతాల్లో వచ్చే నాచులోంచి బెరడు ముక్కలు ఏరింది. ఆవిడ చేతిమీద మొలవకపోతేనే వింత అన్నట్టు ఉండేవాళ్ళు అందరూ. డిసెంబరు రాగానే వీధిలో పిల్లలు గిన్నెలు పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడతారు, క్రిస్మస్ పశువుల పాకలో బొమ్మల కింద పరుచుకోడానికి. "ఈసారి మాకు గొర్రెలు ఎక్కువున్నాయి అమ్మమ్మా, ఇంకొంచెం గీకవా" అని బేరాలు కూడాను.

క్లెమాన్స్ మొగుడు బాతిస్తాన్ పోయిన ఏడాది అక్టోబరులో పోయాడు. పైపు పొగ పట్టిన అతని ఉన్ని వాన కోటుని ఆవిడ బిస్కెట్ల రేకుడబ్బాలో కుక్కి మూతపెట్టి, రోజూ పనికి దిగేముందు ఒక్కసారి తెరిచి, ముఖం పెట్టి, మూసేసేది. ఎక్కువసేపు తెరిస్తే వాసన తరిగిపోతుందని భయం. మార్చిలో వారంరోజులు జ్వరం వచ్చింది. తగ్గాక డబ్బా తెరిస్తే అందులో కోటు ఉంది గానీ బాతిస్తాన్ లేడు. కాఫీగింజలు నలిపింది, వెల్లుల్లి చిదిమింది, గ్యాసు పొయ్యి తిప్పి ముఖం పెట్టింది. ఏమీ లేదు. ఆ రోజు వంటింటి గచ్చుమీద కూర్చుని ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలుసు. మొగుడు రెండోసారి చచ్చిపోయాడు, ఈసారి శవం కూడా లేదు.

ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు కార్ఖానా పైనున్న గది పోతుంది. నలభై ఆరేళ్ళ మనిషికి ముక్కు తప్ప మరో విద్య రాదు. ఏప్రిల్‌లో మొదటి పరీక్షకి దిగింది. జినెట్ చెయ్యి, మొరిసెట్ చెయ్యి, అస్సుంత చెయ్యి, కాగితం ముక్కలు వాసన చూసినట్టే ఉంది. నాలుగో చెయ్యి దగ్గరికి వచ్చేసరికి ఫిలొమెన్ మణికట్టు బోసిగా ఉంది, మోచెయ్యి బోసిగా ఉంది, మధ్యలో మాత్రం పచ్చగా, ఒత్తుగా నాచు. క్లెమాన్స్ దేవుడికి దణ్ణం పెట్టుకుని "రెండోది" అంది. రెండోదే సరైనదని పారిస్‌లో సరుకు కొనేవాళ్ళ దగ్గర్నుంచి పొగుడుతూ ఉత్తరం వచ్చింది. జూన్‌లోనూ అంతే, సెప్టెంబరులోనూ అంతే. నాచు ఎక్కడ మొలిస్తే అదే జవాబు. దొంగతనం చేస్తున్నట్టు ఉండేది. అయినా మానలేకపోయింది.

నవంబరు ఆఖరున అసలు గండం వచ్చింది. ఎప్పుడూ నాచు పంపే వర్తకుడు చచ్చిపోయి, కొత్తచోటు నుంచి సరుకు తెప్పించారు. దానికి తగ్గట్టు మూడు కలయికలు చేశారు. సోమవారం పరీక్ష, మంగళవారం పీపా పారిస్ బండెక్కాలి.

"పాతదానికి వెంట్రుకవాసి తేడా ఉన్నా తిప్పి పంపిస్తామని రాశారు మదామ్" అన్నాడు ఒనొరా, కళ్ళజోడు తుడుచుకుంటూ. "తిప్పి పంపితే తలుపులు మూసుకోడమే. నలభైమంది పొట్టలు మీ ముక్కు మీద ఉన్నాయి."

శనివారం సాయంత్రం ఫిలొమెన్ చాకిరేవు మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆదివారం క్లెమాన్స్ గుడికి వెళ్ళలేదు. మూడు సీసాలు గౌను జేబులో వేసుకుని, మెట్ల వీధి ఎక్కి, రొప్పుతూ ఫిలొమెన్ ఇంటి తలుపు తోసింది. ముసలావిడ మంచంమీద వెల్లకిలా పడుకుని, కిటికీలోంచి ఎదురింటావిడ బట్టలారేసే తీరుని తిట్టుకుంటోంది.

"రావే అమ్మాయ్. పూలు తెచ్చావా, పైకి పోయే ప్రార్థన తెచ్చావా?"

"చెయ్యి కావాలి" అంది క్లెమాన్స్. "ఒక్కసారి చెయ్యి ఇవ్వు ఫిలొమెన్. నీకు దణ్ణం పెడతాను."

ముసలావిడ క్లెమాన్స్ ముఖంకేసి చూసి చెయ్యి చాపింది. క్లెమాన్స్ మూడు చుక్కలు వేసి మంచం పక్కన నేలమీదే కూర్చుంది. పది నిమిషాలకి మణికట్టు దగ్గర పచ్చబడింది. హమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే మధ్యలో పచ్చబడింది. తర్వాత మోచేతి మడతలోనూ. మూడుచోట్లా ఒకేలాంటి నాచు, ఒకే ఒత్తు.

క్లెమాన్స్ ఆ చేతిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఇదేమిటి ఇలా... ఎప్పుడూ ఒక్కటే కదా... ఎప్పుడూ ఒక్కచోటే కదా మొలిచేది!"

"ఎప్పుడూ అన్నిచోట్లా మొలుస్తుందే పిచ్చిదానా. ముక్కున్నన్నాళ్ళూ కళ్ళు మూసుకునే చూశావు, ఈ చేతికేసి ఎప్పుడు చూశావు గనక? దీనికి సెంటే కావాలా? చారు ఒలికినా మొలుస్తుంది, వానచినుకు పడినా మొలుస్తుంది."

"మరి..."

"తప్పుడువాటి మీద మొలిచింది నేనే గీకేసేదాన్ని. బల్లకింద, అంజూరాలు కోసుకునే చాకుతో." ఫిలొమెన్ దుప్పటి సర్దుకుంది. "నువ్వు ఏప్రిల్‌లో జినెట్ చెయ్యి చూసి కళ్ళు మూసుకుని తలాడించావు చూడు. అది ఆ రోజు వెల్లుల్లి మెక్కి వచ్చింది. గుమ్మందాకా కొడుతోంది కంపు. నీకు తెలీలేదు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకి ముక్కు పోయిందని."

క్లెమాన్స్‌కి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఎనిమిది నెలలు తను వేసిన నాటకం అంతా ఎదురుగా కూర్చున్న మనిషి చూస్తూనే ఉందన్నమాట.

"ఎందుకు చెప్పలేదు ఎవరికీ?"

"మొగుడు పోయి ఆర్నెల్లు కాలేదు. రెండూ ఒకేసారి పోతే మనిషి నిలబడుతుందా?"

"అయితే ఇన్నాళ్ళూ చూసింది నీ ముక్కు."

"ఏడేళ్ళప్పుడు జాజితోటలో దిగాను. తెల్లారకముందు పువ్వేదో, తెల్లారాక పువ్వేదో కళ్ళు మూసుకుని చెప్తాను. ఈ అరవై ఏడేళ్ళలో ఒక్కడైనా నా ముక్కుని అడిగాడా? చెయ్యి చాపమన్నారు, చాపాను."

ఆ మాట అన్నప్పుడు ముసలావిడ గొంతులో ఉన్నది కోపమే. ఎంత పాత కోపమో క్లెమాన్స్‌కి అర్థమైంది. అయినా తన గండం తనది. చేతిని పట్టుకుని వదల్లేదు.

"అయితే ఇప్పుడు చూడు. మూడిట్లో ఏది?"

ఫిలొమెన్ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని పీల్చింది. మళ్ళీ పీల్చింది. తల అడ్డంగా ఊపింది. "డాక్టరు ఒళ్ళంతా కర్పూరం తైలం పట్టించి పోయాడే. ఈ గదిలో నేనూ కర్పూరమే, దుప్పటీ కర్పూరమే, నువ్వూ కర్పూరమే. తైలం లేని చేతులు కావాలి. నన్ను కిందికి తీసుకెళ్ళు."

"నిన్ను కదిలించకూడదన్నారు. పైగా ఏమని తీసుకెళ్ళను?"

"ఏమనో నీకు తెలుసు" అని ముసలావిడ ముఖం గోడవైపు తిప్పుకుంది.

తెలుసు. నిజం చెప్పాలి. మెట్లు దిగుతున్నంతసేపూ ఇంకో దారి వెతికింది. మూడిట్లో ఒకటి గుడ్డిగా చెప్పెయ్యొచ్చు. తప్పయితే జినెట్, మొరిసెట్, అస్సుంత, వాళ్ళ పిల్లలు, అందరూ వీధిలో పడతారు. ఒప్పయితే మళ్ళీ వచ్చే పరీక్షకి ఇదే నరకం. ఆ సాయంత్రం గదిలో రేకుడబ్బా తెరిచి, కోటులో ముఖం పెట్టి, ఏమీ లేని ఆ శూన్యంతోనే "ఏం చెయ్యను బాతిస్తాన్" అని అడిగింది.

సోమవారం ఎనిమిదింటికి ముగ్గురు ఆడవాళ్ళు చేతులు చాపుకుని కూర్చున్నారు. ఒనొరా తలుపు దగ్గర నిలబడ్డాడు. క్లెమాన్స్ కూర్చోలేదు.

"నాకు మార్చి నుంచి వాసన తెలియడం లేదు" అంది. "నేను చెప్పినవన్నీ ఫిలొమెన్ చెప్పినవి. ఆవిణ్ణి తీసుకురండి. నన్ను ఏం చేసినా సరే, ముందు ఆవిణ్ణి తీసుకురండి."

ఒనొరా ముఖంలో రక్తం లేదు. "మార్చి నుంచా" అన్నాడు. ఆవిడకేసి చూడకుండా, "శనివారానికి గది ఖాళీ చెయ్యండి మదామ్" అని, బాయిలరు దగ్గర పనివాళ్ళని కేకేశాడు.

నలుగురు మగాళ్ళు ఫిలొమెన్‌ని ఊడదీసిన తలుపు రెక్కమీద పడుకోబెట్టి, అడుగడుగునా తిట్లు తింటూ మెట్ల వీధి దించుకొచ్చారు. గంట పట్టింది. నడుం కింద రెండు నాచుగోతాలు పెట్టి ముక్కు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టారు. కర్పూరం పోవాలని కిటికీలన్నీ తీశారు. ఆవిడ నొప్పికి పళ్ళు బిగించి, బల్లకేసి చూసి, "మూడే ఉన్నాయేం? నాలుగో చెయ్యేది?" అంది.

"నాలుగోది మీదే కదా" అన్నాడు ఒనొరా.

"నాది తైలంలో ఊరింది. నాలుగు చేతుల మీద చూడందే నేను చెప్పను. ఎన్నడూ ఎవరూ అలా చెప్పలేదు ఇక్కడ."

క్లెమాన్స్ గుమ్మందాకా వెళ్ళింది. ఆగింది. ఇక ముక్కు కాదు కదా, నియమం దేనికి? వెనక్కి వచ్చి, బల్ల చివర కూర్చుని, ఎడమచేతి చొక్కా మడిచింది. మోచేతిదాకా తెల్లగా, ఎండ ఎరగని చెయ్యి. అస్సుంత మూడు చుక్కలు తనే వేసింది.

ఫిలొమెన్ కుర్చీ జరిపించుకుంటూ చూసింది. జినెట్ దగ్గర "నోరు మూసుకో, నవ్వితే చెమట పడుతుంది" అని కసిరింది. మొరిసెట్ దగ్గర త్వరగా చూసింది, పది అయిపోతుందని. అస్సుంత దగ్గర ఆగి, తలూపింది. క్లెమాన్స్ మణికట్టు పట్టుకుని, వంగి, మోచెయ్యి చూసింది, వదిలేసింది. మణికట్టు చూసింది, వదిలేసింది. మధ్య చుక్క దగ్గర ఆగిపోయింది.

"నువ్వు పైపు ఎప్పుడు మొదలెట్టావే?"

జినెట్ కిసుక్కుమంది.

"నేనా? నేను పొగ తాగను."

"మరి పొగాకు ఎక్కడిది? చెర్రీ చెట్టు పైపులో కాలిన పొగాకు." ముసలావిడ కళ్ళు మూసుకుంది. "దానికింద ఉన్ని. వానకి తడిసి, పొయ్యి దగ్గర ఆరేసిన కోటు. మగాడిది. గడప దగ్గర నిలబడ్డాడు, ఇంకా లోపలికి రాలేదు."

రేకుడబ్బా సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలీదు. క్లెమాన్స్ తన చెయ్యి తన ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అక్కడ ఏమీ ఉండదని తెలుసు. ఏమీ లేదు కూడా. అయినా గుండెనిండా పీల్చింది, ఇంకోసారి పీల్చింది.

"మళ్ళీ చెప్పు" అంది.

ఫిలొమెన్ మళ్ళీ చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా. తర్వాత ఒనొరాకేసి తిరిగింది. "రెండోది. అడుగున ఆ కోటు వచ్చిందంటే నాచు సరిగ్గా కుదిరినట్టే. పాతదీ ఇలాగే మనిషిలో ఉన్నది పైకి తెచ్చేది. రాసుకోండి. నాకు రాయడం రాదు, ఈ అమ్మాయి రాస్తుంది. ఈవిడ శనివారం వెళ్ళిపోతే, నా ముక్కు శుక్రవారమే ఇంటికెళ్ళిపోతుంది."

ఒనొరా కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకుని, కాగితం, కలం తెచ్చి క్లెమాన్స్ కుడిచేతి పక్కన పెట్టాడు.

ఆవిడ ఎడమచెయ్యి అప్పటికీ ఫిలొమెన్ పట్టులోనే ఉంది. ముసలావిడ చేతి నాచు తడి చల్లగా మణికట్టుకి తగులుతోంది. ఆఖరికి ఫిలొమెన్ వదిలిపెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, నలుగురికీ వినపడేట్టు అంది.

"నాలుగింటిదాకా చెయ్యి కడుక్కోకండి."

నాలుగైంది, అయిదైంది. జినెట్ వాళ్ళు తొట్టి దగ్గర చేతులు తోముకుని ఇళ్ళకి పోయారు. క్లెమాన్స్ చెయ్యి కడుక్కోలేదు.